శిబిరం పక్కన చెత్త కవరు

మా అమ్మ దృష్టిలో లోకంలో చెత్త అనేది లేదు. పాల కవరు మూల మాత్రం కోసి, పాలు వంపుకుని, కవరు కడిగి తిరగేసి తీగ మీద ఆరేసేది. ఎండ పూట మా వరండాలో బట్టలకంటే పాల కవర్లే ఎక్కువ రెపరెపలాడేవి. దువ్వెనకు చిక్కిన జుట్టు ఉండ చుట్టి గోడ సందులో దోపితే, కొన్నాళ్ళకు అది వీధిలోకొచ్చే సామాన్లమ్మ గంపలోంచి స్టీలు గిన్నెగా తిరిగొచ్చేది. నాన్న పాత ప్యాంట్లు సంచులయ్యేవి, సంచులు చిరిగితే మసిగుడ్డలయ్యేవి, మసిగుడ్డలు మరీ నల్లబడితే స్కూటర్ తుడవడానికి పోయేవి. ఇంట్లో ఇంకా దేనిగానూ మారకుండా మిగిలింది, డిగ్రీ పాసై కోచింగ్‌కు పోతున్న నేనొక్కడినే. నన్ను కూడా ఎప్పటికైనా ఏదో ఒకటి చెయ్యొచ్చని ఆమెకు ఆశ ఉండేది.

కోచింగ్ దిల్‌సుఖ్‌నగర్‌లో. బస్సు దిగి మెట్లెక్కేలోపు రెండు చేతులూ పాంప్లెట్లతో నిండిపోయేవి. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. ఉద్యోగాల నోటిఫికేషన్లు లేవు, వాటికి కోచింగ్ మాత్రం ఉంది. ఆ పాంప్లెట్లు తెచ్చిస్తే అమ్మ అల్మారాలో డబ్బాల కింద పరిచేది. మా ఉప్పు డబ్బా కింద గవర్నమెంటు ఉద్యోగం చాలాకాలం గ్యారంటీగా పడి ఉంది.

మేముండేది ఎల్బీనగర్ పక్కన మన్సూరాబాద్‌లో, ఒక మేడ కింది వాటాలో. నల్లగొండ పల్లె నుంచి వచ్చాం. నాన్న ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేసేవాడు. పై వాటాలో గుంటూరు వైపు వాళ్ళు. అంకుల్ ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. ఆంటీ, మా అమ్మ ఒకరినొకరు వదినా అనుకునేవారు. ఏ వరసన వదినలో ఎవరికీ తెలియదు. నా లెక్కలో అది మెట్ల కింది బకెట్ వరస.

ఆ బకెట్ గురించి చెప్పాలి. నాదర్‌గుల్ నుంచి బండి మీద వచ్చి వీధి చివరి హోటలుకు పాలు పోసే ఆయన, పోయేటప్పుడు తన గేదెలకని మా ఇంటి కుడితి పట్టుకుపోయేవాడు. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, ఏదైనా ఆ బకెట్లోకే. పైవాళ్ళది, కిందివాళ్ళది కలిపి ఒకటే బకెట్. దానికి అధికారి మా అమ్మ. పొద్దున్నే కట్టె పెట్టి కలుపుతూ అందులోకి తొంగి చూసి పై వాటా వంట చెప్పేసేది.

"ఒదినా, బీరకాయ వండినవా? ముదురు కాయలంటగట్టిండు గదనే వాడు, గీ తొక్క చూడు, చెప్పు తీర్గ ఉన్నది!"

పైనుంచి నవ్వు వినిపించేది. "మీకు బకెట్లో మా జాతకం కనపడుద్దండి వదినగారూ!"

మా ఇంట్లో సర్వపిండి చేసే రోజు వీధి మొత్తానికి వాసన తెలిసేది. బియ్యప్పిండిలో నువ్వులు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు కలిపి, గుండ్రటి గిన్నె అడుగున చేత్తో అద్ది, వేలితో బొక్కలు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి కాలుస్తారు. అందరూ పల్లీలు దంచి కలుపుతారు. మా అమ్మ మాత్రం పొట్టు కూడా తియ్యకుండా గుండుగా వేసేది. పంటికి పల్లీ తగలకపోతే అది తిన్నట్టే కాదని ఆమె సిద్ధాంతం. దించగానే మొదటిది, బాగా కాలినది, అంచు విరగనిది పైకి పోయేది. విరిగినది నాన్నకు, మాడినది నాకు. ఉద్యమంలో వనరుల పంపిణీ మీద ప్రసంగాలు విన్నప్పుడల్లా నాకు మా వంటిల్లే గుర్తొచ్చేది.

కాసేపటికి ఆంటీ మెట్ల మీదికి వచ్చి, "అబ్బ, ఏం చెయ్యండీ మీది! మా పిల్లలు కొట్టుకు చచ్చారనుకోండి!" అనేది. మా ఇంట్లో నిజంగానే కొట్టుకునేవాళ్ళం, మాకు తక్కువొచ్చేది గనక. పైకి పోయిన పళ్ళెం ఖాళీగా దిగకూడదు కాబట్టి గోంగూర పచ్చడితోనో పులిహోరతోనో దిగేది. ఆ గోంగూర పులుపుకు నాన్న ఒక కన్ను మూసుకుని తినేవాడు, అమ్మ చూస్తుందని రెండోది తెరిచి ఉంచేవాడు. కానీ తిన్నాం. ఒక్క మెతుకు పారెయ్యలేదు. తర్వాత జరిగినదానికి మాకు కోపముందంటే ఈ ఒక్క సంగతికే.

ఉద్యమం ఇంకా మా వీధిదాకా రాకముందు, ఒక సంస్థ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇళ్ళల్లో చెత్త ఏం చేస్తారు, వేరు చేస్తారా, ఎక్కడ వేస్తారు, ఎందుకు వేస్తారు అని అడగడం ఆమె పని. తెలియని మనిషికి మా కాలనీలో గేటు తియ్యరు కనుక, గేట్ల దగ్గర కేకేయడానికి నన్ను వెంటబెట్టుకుంది. ఎండలో తిరుగుతూ నేను నేర్చుకున్నదేమిటంటే, మా కాలనీలో చెత్త బయట వేసేవాళ్ళు ఒక్కరూ లేరు. మూలన ఖాళీ ప్లాటులో మోకాలెత్తు గుట్ట మాత్రం ఉంది.

మా ఇంటి ఓనరు ఎదురింట్లోనే ఉండేవాడు. ఆయనా నల్లగొండ వైపు మనిషే, గవర్నమెంటు ఉద్యోగి, కాలనీ సంఘానికి పెద్ద. "మా కాలనీల ఎవ్వరెయ్యరమ్మా. పక్క కాలనీవోళ్ళు స్కూటర్ల మీదొచ్చి ఇసిరేసి పోతరు," అన్నాడు. పక్క కాలనీకి పోతే వాళ్ళు మా కాలనీ వైపు వేలు చూపించారు. ఈ లెక్కన మన్సూరాబాద్ చెత్తంతా అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి హైవే మీద ఎవరో పనిగట్టుకుని తెచ్చి పడేస్తున్నారన్నమాట. ఆ అమ్మాయితో అదే అన్నాను. ఆమె నవ్వలేదు, పాపం నీళ్ళడిగింది.

మా అమ్మను అడిగితే, "మా ఇంట్ల చెత్తెక్కడిది బిడ్డా?" అని తిరిగి ఆమెనే అడిగింది. పైన ఆంటీ మాత్రం చక్కగా చెప్పింది. "తడిది వేరు, పొడిది వేరండి. తడిది బకెట్లోకి, గేదెకి. అట్టముక్కలు, సీసాలు పాత పేపర్లతనికి. అంతా మా కింద వదినగారే నేర్పారు. బయట వేసే అలవాటే లేదండి మాకు." ఆ ఎండలో మేం విన్న జవాబులన్నిట్లో నేను నమ్మింది ఆ ఒక్కటే.

తర్వాత సమ్మెలు వచ్చాయి. బస్సులు ఆగాయి, ఆఫీసులు ఆగాయి, నా కోచింగ్ ఆగింది. చివరిది ఎవరూ గమనించలేదు. ఇంటింటికీ వచ్చే చెత్త రిక్షా కూడా రావడం మానేసింది. సరిగ్గా అప్పుడే మా వీధి మూలన రిలే నిరాహార దీక్ష శిబిరం వెలిసింది. ఎక్కడంటే, ఆ ఖాళీ ప్లాటులోనే. కాలనీలో ఇంకెక్కడా అంత జాగా లేదు. గుట్టను ఒక పక్కకు నెట్టి, మొరం పోసి, టెంటు వేసి, జంపఖానాలు పరిచారు. రిలే దీక్ష అంటే ఆకలిని వంతులవారీగా పంచుకోవడం. పొద్దున ఒక జట్టు మెడలో దండలేసుకుని కూర్చుంటుంది, సాయంత్రం నిమ్మరసం తాగి లేస్తుంది, మర్నాడు ఇంకో జట్టు. ఓనరు సమ్మెలో ఉన్నాడు గనక పొద్దస్తమానం అక్కడే ఉండేవాడు. ఆఫీసులో కూడా ఆయన ఇంతసేపు కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదని వాళ్ళావిడే అనేది.

శిబిరం మొదలైన కొద్దిరోజులకే టెంటు వెనక చెత్త కవర్లు కనిపించసాగాయి. నిజం చెప్పాలంటే అవి అక్కడ ఎప్పుడూ ఉన్నవే. చెత్త వేసే చోటికి ఉద్యమం వచ్చింది తప్ప, ఉద్యమం దగ్గరికి చెత్త రాలేదు. కానీ ఈ మాట మైకులో చెప్పలేం. ఓనరు కుర్చీలోంచి లేచాడు.

"గిది చెత్త గాదు, కుట్ర! మన దీక్షను అవమానించేటందుకు కావాలని ఏస్తున్నరు. ఇయ్యాల చెత్తేసిండ్రు, రేపు రాళ్ళేస్తరు!"

జంపఖానా మీద కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. వెనకనుంచి ఎవరో, "ఇంకెవరు, ఆంధ్రోళ్ళే!" అన్నారు. అన్నవాళ్ళ కళ్ళు మా మేడ పై వాటా వైపు తిరిగాయి. వీధిలో అటువైపు వాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు కానీ, టెంటులోంచి తల ఎత్తితే నేరుగా కనిపించేది ఆంటీ వాళ్ళ బాల్కనీయే. బాల్కనీలో అప్పుడు ఆరేసిన దుప్పటి తప్ప ఎవరూ లేరు.

నేను నవ్వుదామనుకున్నాను. చుట్టూ చూస్తే ఎవరి మొహంలోనూ దానికి చోటు కనిపించలేదు. ఓనరు గొంతు తగ్గించి, "నా ఇంట్ల కిరాయికుంటూ నా దీక్ష కాడ చెత్తేస్తరా? తేలనియ్యి. ఆ పొద్దే సామాన్లు బయటుంటయి," అన్నాడు.

అప్పుడు మా అమ్మ లేచింది. ఆడవాళ్ళ వరసలో వెనక కూర్చుని పల్లీలు వొలుస్తోంది, దీక్షకు వచ్చినా చేతులు ఖాళీగా ఉంచదు.

"ఏమన్న మాట్లాడితే అర్థముండాలె అన్నా. పైనోళ్ళ ఇంట్ల ఏం వండిండ్రో, ఏం మిగిలిందో, అంత నా బకెట్ల వడ్తది. నాకు తెల్వదా? ఆమె గసొంటిది గాదు."

"నీకేం తెలుస్తది చెల్లె? వాళ్ళు నీ ముంగట నవ్వుతరు..."

"నవ్వితె నవ్వనియ్యి. ఆమె చెత్తకు నాది జిమ్మ. సరేనా?"

చెత్తకు పూచీ పడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. తర్వాతా చూడలేదు. ఓనరు మైకు తీసుకుని నినాదాలు ఇచ్చాడు.

ఈ సంగతి మేము ఇంటికొచ్చేలోపే పైకి చేరింది. ఆంటీ కిందికి దిగొచ్చి అమ్మ చేతులు రెండూ పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు. "మీరుండబట్టి ఈ ఇంట్లో ఉండగలుగుతున్నామండి వదినగారూ. రాత్రి అసలు నిద్రపట్టట్లేదు. ఈయనేమో పిల్లల్ని తీసుకుని ఊరెళ్ళిపోదామంటారు. వాళ్ళ చదువులు ఏం కానూ?"

"ఏడికి వోతవే? నేనున్న గదా," అంది అమ్మ. అని, ఆ ఊపులోనే వొలిచిన పల్లీలన్నీ వేసి సర్వపిండి చేసింది. ఆ రోజు పైకి పోయినది మామూలుకంటే పెద్దది. నాకు ఎప్పట్లాగే మాడినది. ఫిర్యాదు చేస్తే, "వాళ్ళు కష్టంల ఉన్నరు," అంది. మాడినది తినడానికి కష్టంలో ఉండనవసరం లేదని అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున టీ తాగుతుంటే ఓనరు కేక వినిపించింది. పోయేసరికి టెంటు వెనక అంతా గుమిగూడి ఉన్నారు. మధ్యలో ఒక బట్టల షాపు కవరు, మూతి గట్టిగా ముడివేసి ఉంది. ఈసారి వదిలేది లేదన్నాడు ఓనరు. లోపల ఏముందో చూస్తే ఎవరి వంటిల్లో తెలుస్తుందట. గోంగూర కాడలుంటే చాలట.

"పిలగా, నువ్వు సదువుకున్నోనివి. ఇప్పు."

నా డిగ్రీతో నాకు దొరికిన మొదటి పని అది. కట్టె పుల్లతో ముడి విప్పాను. చుట్టూ ఉన్నవాళ్ళు గొంతులు సవరించుకుంటున్నారు, నినాదం సిద్ధంగా ఉంది. పైన న్యూస్ పేపరు పొట్లం. విప్పితే, నాలుగు ముక్కలుగా విరిచిన సర్వపిండి. ఒక్క పంటిగాటు లేదు. దాని కింద ఇంకొకటి, ఫ్రిజ్‌లో ఉండి ఉండి అట్టలా బిగుసుకుపోయింది, పోయినసారిది.

నినాదం ఎవరి నోట్లో అది ఆగిపోయింది. గోంగూరైతే ఏమనాలో అందరికీ తెలుసు. సర్వపిండిని ఏమంటారు? అది మనవైపు మనిషి.

ఓనరు భార్య వంగి చూసింది. "అయ్యో, గుండు పల్లీలు! గిది కింది వాటామె చేతిది గదా?"

నాకప్పటికే తెలుసు. నిన్న ఆ గిన్నెలోంచి ఆ చక్రం పళ్ళెంలోకి జారుతుంటే పక్కనే నిలబడి ఆశగా చూసినవాణ్ణి. అంతగా చూసిన వస్తువును మనిషి మర్చిపోడు.

ఇంతలో అమ్మ వచ్చింది. పక్కనే ఆంటీ. ఏం జరిగిందో చూద్దాం రమ్మని అమ్మే పిలుచుకొచ్చినట్టుంది, దాక్కుంటే ఇంకా అనుమానపడతారని. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని జనంలోంచి ముందుకు వచ్చారు. అమ్మ కవరు వైపు చూసింది. ముక్కలు చూసింది. తర్వాత కిందున్న రెండోది చూసింది. మొదటిదానికంటే రెండోదాన్నే ఎక్కువసేపు చూసింది.

"ఏంది చెల్లె గిది?" అన్నాడు ఓనరు. పాపం ఆయన గొంతులో కోపం కంటే నిరాశ ఎక్కువ. "నువ్వే ఏస్తివా?"

అమ్మ ఆంటీ వైపు తిరిగి, ఊరికే నిలబడింది. అడగలేదు, నిలదీయలేదు, నిలబడింది అంతే. ఒక్క మాట చాలు. మావే అని ఆంటీ అనాలి. అంటే ఆ సాయంత్రానికి వాళ్ళ సామాన్లు వీధిలో ఉంటాయి, అది కూడా నిజమే. నేను పుల్ల పట్టుకుని ఆంటీ నోటివైపే చూస్తున్నాను.

ఆంటీ అమ్మ చెయ్యి వదల్లేదు. అమ్మ భుజం మీద ఇంకో చెయ్యి కూడా వేసింది. ఓనరుతో అంది:

"పోన్లెండి అన్నయ్యగారూ. ఏదో పొరపాటున పడేసుంటారు. వదినగారు అట్టాంటి మనిషి కాదండి. ఈసారికి వదిలెయ్యండి."

చాలా నాటకాలు చూశాను. శిబిరంలోనే రోజుకు రెండు మూడు చూసేవాణ్ణి. చేసిన మనిషి చెయ్యని మనిషికి క్షమాభిక్ష పెట్టించడం మాత్రం అదే మొదలు. నా నోరు తెరుచుకుంది. "ఆంటీ, నిన్న..." అన్నాను. అమ్మ నావైపు ఒక చూపు చూసింది. నా చిన్నప్పుడు చుట్టాలింట్లో రెండో లడ్డూకు చెయ్యి చాపితే చూసిన చూపే. నోరు మూసుకున్నాను.

"నేనే ఏసిన అన్నా," అంది అమ్మ. "మాడిపొయినయి. బకెట్ల ఎయ్యబుద్ధిగాలే. తప్పయింది."

మాడినవి మా ఇంట్లో ఎక్కడికి పోతాయో నా కడుపుకు తెలుసు. జనం గొణుక్కుంటూ కదిలారు. ఇంకొకరి చెత్తకు పూచీ పడి తన చెత్త శిబిరం దగ్గర పడేసిందని ఎవరో నవ్వారు. ఆంధ్రావాళ్ళతో తిరిగి ఇట్లా తయారైందని ఇంకెవరో అన్నారు. ఓనరు తీర్పు చెప్పాడు. "మనోళ్ళ తప్పు మనమే కడుక్కోవాలె. రేపు దీక్షల కూసో చెల్లె. అంత సాఫ్ అయితది."

కవరు ముడి మళ్ళీ వేసి, ఎక్కడ పడెయ్యాలో తెలియక చుట్టూ చూశాను. ఎవరూ చెప్పలేదు. ఇంటికి తెచ్చాను. అమ్మ రెండు చక్రాలూ ముక్కలు చేసి కుడితి బకెట్లో వేసి, కట్టెతో చాలాసేపు కలిపింది. బట్టల షాపు కవరును మాత్రం కడగలేదు. కడగకుండా అమ్మ పారేసిన కవరు నాకు తెలిసి అదొక్కటే.

సాయంత్రం నాన్న వస్తే నేనే చెప్పాను. షెడ్డులో వెల్డింగ్ చేసి ఎర్రబడిన కళ్ళతో అంతా విని, ఒకే ఒక్కటి అడిగాడు. "రెండా?"

"రెండు."

"గంత మంచిగ కాలినయి," అని కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

మర్నాడు అమ్మ దీక్షలో కూర్చుంది. మెడలో బంతిపూల దండ, ముందు ఫ్లెక్సీ. పల్లీలు వొలవనివ్వలేదు, దీక్షలో కూర్చుని తిండి వస్తువు ముట్టుకుంటే బాగుండదన్నారు. చేతులు ఖాళీగా పెట్టుకుని అమ్మ అంతసేపు కూర్చోవడం నేను చూడలేదు. ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది. పక్కన కూర్చున్నవాళ్ళు పలకరిస్తే తల ఊపింది. కోరి కూర్చున్నా శిక్షగా కూర్చున్నా దండ ఒకటే కాబట్టి, చూసేవాళ్ళకు తేడా తెలియదు.

సాయంత్రం నిమ్మరసం వేళకు ఆంటీ వచ్చింది. ఎవరూ రమ్మనలేదు. ఇస్త్రీ చీర కట్టుకుని, పళ్ళెంలో గ్లాసు పెట్టుకుని జనం మధ్యనుంచి నడిచి వచ్చింది. ఓనరు మొహం వెలిగిపోయింది. మైకులో, "సూడుండ్రి! ఆంధ్ర ఆడబిడ్డ ఒచ్చి తెలంగాణ ఆడబిడ్డ దీక్ష ఇరమింపజేస్తున్నది! మనం వాళ్ళకు యతిరేకం గాదు, గిదే సాక్షం!" అన్నాడు. చప్పట్లు. ఎవరో ఫోన్లో ఫొటో తీశారు. నిన్నటిదాకా సామాన్లు వీధిలో పడాల్సిన ఇంటికి, ఒక్క గ్లాసు నిమ్మరసంతో ఆ వీధిలో పూర్తి రక్షణ దొరికింది. అమ్మ గ్లాసు అందుకుంది. అందరూ చూస్తున్నారు. తాగింది.

ఇంటికొచ్చేటప్పుడు అమ్మ ముందు, ఆంటీ పక్కన, దండ పట్టుకుని నేను వెనక. మెట్ల దగ్గర ఆంటీ ఆగింది.

"వదినగారూ, మీరు చేసింది జన్మలో మర్చిపోనండి. అటు వెయ్యొద్దని ఈయనకి వందసార్లు చెప్పాను. పొద్దున వాకింగ్‌కి పోయేటప్పుడు చేతిలో ఉంటే ఆ మూలన విసిరే అలవాటు. నోరు తెరుద్దామనే అనుకున్నానండి. పిల్లలు గుర్తొచ్చారు."

"అది అడగలే," అంది అమ్మ. "ఎందుకు పారేసినవ్ ఒదినా?"

ఆంటీ కొంగు సర్దుకుంది. "పిల్లలు కారం తినలేరండి. గట్టిగా ఉంటదని ఈయన నవల్లేరు. మీరేమో అంత ఆప్యాయంగా తెస్తారు. వద్దని ఎట్టా అనేది?"

గుంటూరు వైపు వాళ్ళకు మా కారం ఎక్కువైంది. ఇంకెప్పుడైనా అయితే ఈ మాట మీద నేను వారం రోజులు బతికేవాణ్ణి.

"బకెట్లన్న ఎయ్యకపోయినవా? బర్రె తినేది గదా."

"మీరు చూస్తారు కదండీ," అంది ఆంటీ.

అమ్మ ఆ మాట విని మెట్ల కిందికి చూసింది, మళ్ళీ ఆంటీని చూసింది. ఇంట్లోంచి బయటికి పోయే ఏదీ తన కన్ను దాటిపోదని వీధి మొత్తానికి పూచీ పడిన మనిషి. ఆ కన్ను ఉందనే కవరు ముడిపడింది.

"ఎప్పటి సంది?"

"వదినగారూ..."

"ఎప్పటి సంది ఒదినా?"

పైన వాళ్ళ పిల్లాడు టీవీ పెట్టాడు, అందులో ఎవరో పెద్దగా నవ్వుతున్నారు. ఆంటీ గోడ వైపు చూస్తూ మెల్లగా చెప్పింది.

"మొదటిసారి తిన్నామండి."

అమ్మ తల ఊపింది. "రేపటి సంది మీ బకెట్ మీరు పెట్టుకోండ్రి," అని లోపలికి వచ్చేసింది. ఆంటీ మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది, ఒక్కో మెట్టు మీద ఆగి ఆగి.

పగలంతా పస్తున్న మనిషి కదా అని నాన్న తనే అన్నం వడ్డించాడు, పప్పు వేశాడు, పక్కన కూర్చున్నాడు. "ఏమన్నది ఆమె?" అని అడిగాడు.

"మొదటిసారి తిన్నరంట."

నాన్నకు ఓదార్చడం రాదు, అయినా ప్రయత్నించాడు. "ఇగేంది మరి. ఒక్కసారన్న తిన్నరు గదా."

అమ్మ ముద్ద కలుపుతూ ఆగింది. వేళ్ళు పళ్ళెంలో అలాగే ఉన్నాయి. మొహంలో కోపం ఉంటుందని చూశాను. లేదు. ఎప్పటిదో ఒక గిన్నెను మళ్ళీ పొయ్యి మీద పెట్టి చూస్తున్నట్టుంది.

"గా ఒక్కసారే పిండిల నాకు ఉప్పెక్కువ వడ్డది," అంది.